మా శనివారం కుటుంబం

ఆ రోజుల్లో మా కాలేజీకి హఠాత్తుగా మా మీద ప్రేమ పుట్టింది. ప్రిన్సిపాల్‌గారు హైదరాబాదులో ఏదో వర్క్‌షాపుకి వెళ్లొచ్చారు. వచ్చిన వారంలోనే పొద్దున్నే గ్రౌండులో నిలబడి చేతులెత్తి నవ్వడం తప్పనిసరి చేశారు. సాయంత్రం యోగా. శనివారం ఆఖరి పీరియడ్‌లో ‘ఫ్యామిలీ’. ఒక్కో లెక్చరరుకి కొంతమంది పిల్లల్ని అప్పగించి, ఇకనుంచి వీళ్లకి తల్లీ తండ్రీ మీరే అన్నారు. నవ్వు రాకపోయినా నవ్వండి, అదే వస్తుంది అనేవారు పీటీ మాస్టారు. నాకైతే ఏడుపే వచ్చేది.

నాది మెట్ట ప్రాంతం, జంగారెడ్డిగూడెం. రామచంద్రపురం దగ్గర ఆ కాలేజీలో చేరాక గానీ డెల్టా మర్యాదలంటే ఏమిటో నాకు తెలియలేదు. అక్కడ ఎదురుపడిన ప్రతివాళ్లూ ‘భోంచేశారా అండీ’ అని అడుగుతారు. ‘అయిందండి’ అనాలి. కడుపు కాలిపోతున్నా అయిందనే అనాలి. అడిగినవాళ్లు నిజంగా పెట్టదలుచుకుంటే అంతటితో వదలరు, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కూర్చోబెడతారు. పెట్టదలుచుకోకపోతే ఆ మాటతో ఇద్దరికీ పని అయిపోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, పద్ధతి అంతే. ఆ పద్ధతిలోనే ఒక పిల్ల మా అందరి కళ్లముందూ ఎండిపోయింది.

ఆ పిల్ల హాస్టల్లో నా రూమ్మేట్. ఊరు ఉప్పాడ. నాన్నది చేపల వేట. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది తనే మొదలు. ఆ ఏడు దసరా వెళ్లగానే తుఫాను పట్టి, సముద్రం వాళ్ల వీధిని లాగేసింది. ఇల్లు పోయిందనీ, మనుషులు మాత్రం క్షేమమనీ, ఎవరో చుట్టాల ఊళ్లో తలదాచుకున్నారనీ కబురొచ్చింది. ఏ ఊరో కబురు తెచ్చినాయనకే సరిగ్గా తెలియదు. ఎస్టీడీ బూతు నుంచి ఉప్పాడలో తెలిసిన కిరాణా కొట్టుకి ఎన్నిసార్లు చేసినా లైను కలవలేదు.

అప్పటినుంచి తను తినడం మానేసింది. మెస్సులో కంచం ముందు కూర్చునేది, మెతుకులు కెలికేది, లేచి కడిగేసేది. “ముద్ద నోట్లో పెట్టుకుంటే అమ్మ గుర్తొస్తుందే. వాళ్లు తిన్నారో లేదో. గొంతు దిగట్లేదు” అంది నాతో ఒకసారి. తరవాత అదీ అనలేదు.

బతిమాలాను. తిట్టాను. ఆవకాయ అన్నం కలిపి నేనే ముద్దలు పెట్టబోతే మొహం తిప్పేసుకుంది. మెడ కింద ఎముకలు బయటపడ్డాయి. స్నానాల గది దాకా గోడ పట్టుకుని నడిచేది. పక్క మంచం మీద మనిషి పోతుందేమోనని నాకు ఒకటే గుబులు. నిద్రలో తన ఊపిరి వినపడకపోతే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

వార్డెన్‌గారి దగ్గరికి పరిగెత్తాను.

“నేనూ అడిగానమ్మా. భోంచేశావా అంటే అయిందండి అంది. నవ్వుతూనే చెప్పింది కూడాను.”

“తను అలాగే అంటుందండీ. మీరొచ్చి కంచం చూడండి.”

“ఎదిగిన పిల్ల కంచంలోకి తొంగిచూస్తే ఏం బాగుంటుందమ్మా?”

మా ‘ఫ్యామిలీ’కి తల్లి లెక్కల మేడమ్. మంచి మనిషి, ఆ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. శనివారం గుండ్రంగా కూర్చోబెట్టి అందరినీ పేరుపేరునా అడిగారు. నా రూమ్మేట్ “బావున్నానండి” అంది. నేను ఉండబట్టలేక, “బాలేదండీ, తనకి అన్నం సయించట్లేదు, వాళ్ల వాళ్లకి ఎలాగైనా కబురు పంపించండి” అన్నాను. మేడమ్ నా మొహంలోకి జాలిగా చూశారు.

“నీకు కంగారెక్కువలా ఉందమ్మా. పొద్దున్నే కాసేపు ధ్యానం చెయ్యి, తగ్గుతుంది.”

ప్రిన్సిపాల్‌గారి గది తలుపూ తట్టాను. “అందుకేగా వనభోజనాలు పెడుతున్నాం. నలుగురితో కలిసి కూర్చుంటే అదే తింటుంది” అన్నారాయన. కార్తీకమాసం వచ్చిందంటే మా చుట్టుపక్కల కులానికో తోటలో వనభోజనాలు జరుగుతాయి. అందరికీ ఒకే తోటలో ఒకే పంక్తి వేయించినందుకు ఆయన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. అప్పుడైతే ఆయన మాట దేవుడి మాటే అనుకున్నాను. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినా చాలు.

కాలవ పక్క తోటలో ఉసిరిచెట్టు దగ్గర విస్తళ్లు వేశారు. లెక్చరర్లే కొంగులు బిగించి, పంచెలు ఎగ్గట్టి వడ్డించారు. లెక్కల మేడమ్ బూరెల పళ్లెంతో వచ్చి మా ముందు ఆగారు. నేను మొరపెట్టుకున్నది ఆవిడకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. బూరెకి చిల్లు పెట్టి నిండా నెయ్యి పోశారు.

“తినాలి. నా ఎదురుగా తినాలి.”

తను తింది.

“ఇంకొక్కటి. నా మాట కొట్టేస్తావా?”

పెద్దవాళ్లు అంత ప్రేమగా వడ్డించింది విస్తట్లో వదిలేస్తే మర్యాద కాదు. తను అదీ తింది. పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఫొటో కూడా తీశారు. “చూశావా?” అన్నట్టు మేడమ్ నావైపు గెలుపుగా చూశారు. నా రూమ్మేట్ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చాలండీ, ఇంక చాలండీ అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆ సందడిలో అది కూడా మొహమాటం కిందే జమ అయిపోయింది.

విస్తరి మడిచి లేచి, కాలవ గట్టు దాకా వెళ్లి, తిన్నదంతా కక్కుకుని అక్కడే పడిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తూ డాక్టరుగారు “ఈ పిల్ల అన్నం తిని ఎన్నాళ్లయింది?” అన్నారు. “ఇప్పుడే తిందండీ, బూరెలు” అన్నారు మేడమ్. అంటూనే కుర్చీలో కూలబడి ఏడ్చారు. నాకు ఆవిడ మీద జాలి కలగలేదు. వొళ్లు మండిపోయింది.

అప్పుడు కదిలారు అందరూ. ప్యూనుని మోటారుసైకిల్ మీద ఉప్పాడ పంపితే, మర్నాటికల్లా వాళ్లమ్మని వెతికి తీసుకొచ్చాడు. ఆ పని ముందే ఎందుకు చెయ్యలేదో నాకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ ఏమీ అడగలేదు. మంచం మీద కూర్చుని మజ్జిగన్నం మెత్తగా పిసికి, చిన్న ముద్ద చేసి కూతురి నోట్లో పెట్టింది. తను మింగింది. నేను వరండాలోకొచ్చి, నర్సులు చూస్తున్నా లెక్కచెయ్యకుండా బావురుమన్నాను.

కాస్త నడవగలిగాక వాళ్లమ్మ తనని తీసుకెళ్లిపోయింది. బస్టాండుకి మేడమ్ పళ్లూ, హార్లిక్సు సీసా పట్టుకొచ్చారు. “వొంట్లో కుదుటపడగానే వచ్చెయ్యాలి. మన ఫ్యామిలీ ఎదురుచూస్తుంటుంది.”

“అలాగేనండి. తప్పకుండా వస్తానండి.”

మేడమ్ కళ్లు తుడుచుకుని రిక్షా ఎక్కారు. నేను పెట్టె బస్సులోకి అందించి, కిటికీ దగ్గరికొచ్చి అడిగాను.

“నిజంగా వస్తావా?”

“రానే” అంది. “పరీక్షలకి కూడా రాను. నన్ను అడక్కు.”

“మరి నేనేం కావాలే? ఆ గదిలో నేనొక్కదాన్నీ ఎలా ఉండను?”

తను ఊచల మధ్య నుంచి నా చెయ్యి పట్టుకుంది. బస్సు కదిలాకే వదిలింది.

తను బతికింది, అది చాలు అనుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ సాయంత్రం మాత్రం ఆ బస్సు ఎక్కడైనా ఆగిపోవాలనీ, తను దిగి వెనక్కి నడిచి రావాలనీ కోరుకుంటూ, బస్టాండు బెంచీ మీద కూర్చుని దేవుణ్ణి తిడుతూనే ఉన్నాను.