ఏమీ కాకుండానే పరుగు

వాదనలో ఓడిపోవడం ఇంకా అలవాటు కాని వయసు నాది అప్పట్లో. మలికిపురం దగ్గర ఒక కాలేజీలో కొత్తగా లెక్చరరుగా చేరాను. పగలు పాఠాలు, సాయంత్రాలు మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు. మైకు దొరికితే ఊపిరి తీసుకోకుండా రెండు గంటలు మాట్లాడతానని పేరు. (ఆ ఊపిరి ఎంత పొట్టిదో తర్వాత తెలిసింది.) ఒక సోమవారం మా ఊరి గ్రంథాలయంలో, షుగరు జబ్బుకు తాయెత్తులు కట్టించుకునేవాళ్ళను చీల్చి చెండాడుతూ, "ఈ దేహానికి కావలసింది తాయెత్తు కాదు, వ్యాయామం!" అని బల్ల గుద్దాను. చప్పట్లు మోగాయి. వెనక వరసలోంచి మా సుబేదారు బాబాయి లేచి, "మరి నువ్వు చేస్తున్నావేంట్రా?" అని అడిగాడు. సభ మొత్తం నా ముఖం వదిలేసి పొట్టకేసి చూసింది.

మా నాన్నగారి తమ్ముడాయన. ఇరవై ఎనిమిదేళ్ళు మంచు కొండల్లో కాపలా కాసి ఇంటికొస్తే, చెయ్యడానికి పని లేదు. పొలం కౌలుకిచ్చేశారు, కౌలుదారుకు ఈయన సలహా అక్కర్లేదు. తెల్లారకుండానే లేచి, గడ్డం గీసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని, వెళ్ళడానికి చోటు లేక వీధి అరుగు మీద కూర్చునేవాడు. మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నిటినీ ఎత్తు ప్రకారం వరసగా నిలబెట్టేవాడు. "ఈయన్ని మళ్ళీ బోర్డరుకి పంపించే దారి చూడరా నాయనా, ఉప్పు కనబడి నాలుగు రోజులైంది" అని పిన్ని నవ్వుతూనే మొత్తుకునేది. ఆయన అన్నం సగంలో లేచిపోతున్నాడన్న దిగులు ఆ నవ్వులోనే తెలిసేది. చివరికి హైదరాబాదులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. పై సోమవారం సాయంత్రం బస్సు.

"రేపు పొద్దున్న అయిదున్నరకి కాలవ లాకు తలుపుల దగ్గరికి రా. ఎవరొచ్చినా పరుగెత్తిస్తాను. ఆదివారానికి పదిమందైతే హైదరాబాదు మానేస్తాను" అన్నాడు బాబాయి, గ్రంథాలయంలో అందరూ వింటుండగానే. నలుగురిలో వెనక్కి తగ్గడం నా సిద్ధాంతానికి విరుద్ధం. వెళ్ళాను.

శనివారానికి మేం నలుగురమే. బాబాయి, కుచ్చెళ్ళు ఎగదోపి కాన్వాసు బూట్లు తొడిగిన పిన్ని, చర్చి వీధి టీచరమ్మగారు, నేను. "లెక్చరరు గారూ, రోజూ ఇలా నా వెనకాలే పరుగెడితే ఊళ్ళో ఏమనుకుంటారండీ? కాస్త ముందుకి రండి" అని ఆవిడ వేళాకోళం. ఆదివారం కూడా ఆ నలుగురమే. "ప్రార్థనకి వేళవుతుందండీ, మొదలుపెడదాం" అని టీచరమ్మగారే తొందరపెడితే, కాలవ గట్టెక్కాం.

మా వైపు పెద్దవాళ్ళెవరూ ఊరికే పరుగెత్తరు. కొంప అంటుకోవాలి, లేదా కాలవలో ఎవరైనా పడాలి. ముందు ముగ్గురూ వెళ్ళిపోయాక, చాలా దూరం వెనకాల నేను గుండె పట్టుకుని, నోరు తెరుచుకుని వస్తున్నాను. కొబ్బరికాయల రాశి దగ్గర కాయలు ఒలుస్తున్నవాళ్ళు లేచి, "ఏమైందండీ? ఎవరికండీ?" అని అడిగారు. జవాబు చెప్పడానికి ఊపిరి లేక, చేత్తో ముందుకు చూపించాను. (అదే నా జీవితంలోకెల్లా ప్రభావవంతమైన ఉపన్యాసం.) గునపాలు వదిలేసి వాళ్ళు పరుగు. వాళ్ళను చూసి టీ కొట్టు బెంచీ ఖాళీ. రేవులో నీళ్ళు ముంచుకుంటున్న ఒక పెద్దావిడ నిండు బిందెతోనే పరుగు.

వంతెన దగ్గర బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. పాతికమందికి పైగా వస్తున్నారు. ఆయన ఛాతీ ఉప్పొంగింది. తన కోసమే వచ్చారనుకున్నాడు. అంతలో బిందె ఆవిడ అందరినీ తోసుకుని వచ్చి, "మంటెక్కడండీ?" అంది.

"మంటేం లేదండీ. ఎవరికీ ఏమీ కాలేదు" అన్నారు టీచరమ్మగారు.

బాబాయి ముఖం వాడిపోయింది. ఇలాంటప్పుడు జనాన్ని నిలబెట్టి మాట్లాడడానికే కదా నేను పుట్టింది! నోరు తెరిచాను. ఈల లాంటి శబ్దం వచ్చింది.

"ఏమీ కాకుండానే ఎందుకండీ పరుగు?" అని ఆవిడ నిలదీసింది.

"ఏమీ కాకుండా ఉండడానికేనండీ" అన్నాడు బాబాయి. మెల్లగా, తనలో తాను చెప్పుకున్నట్టు.

ఆవిడ బిందె దింపి, నడుం పట్టుకుని ఆలోచించింది. "ఆయ్, అయితే రేపు బిందె లేకుండా వస్తానండి. చంపేసింది."

అందరూ నవ్వారు. ఊపిరి అందగానే నేను చేసిన మొదటి పని ఏమిటంటే, అపోహ వల్ల పరుగెత్తినవాళ్ళు లెక్కలోకి రారని వాదించడం. పిన్ని నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. బాబాయి మాత్రం, "వాడన్నది నిజమే. బస్సు రేపు సాయంత్రం కదా, పొద్దున్న చూద్దాం" అన్నాడు.

సోమవారం తెల్లవారుజామున, గెలిచిన వాదన ఇంత బరువుగా ఉంటుందా అనుకుంటూ లాకు దగ్గరికి వెళ్ళాను. పద్నాలుగుమంది. బిందె ఆవిడ కోడల్ని కూడా లాక్కొచ్చింది. ఒలుపువాళ్ళలో ఒకాయన, "నిన్న పరుగెత్తేక రాత్రి బాగా నిద్రపట్టేసిందండీ, అదేదో చూద్దామని వచ్చేను" అన్నాడు. ప్రయోగం చేసి నిర్ధారించుకోవాలని ఏళ్ళ తరబడి నేను అరిచి చెప్పింది ఆయన ఒక్క మాటలో చేసి చూపించాడు. బాబాయి మమ్మల్ని వరసలో నిలబెట్టి, ఒకరి భుజం సరిచేసి, ఒకరి బూటు తాడు తానే వంగి బిగించాడు. "పరుగు!" అని ఆయన వేసిన కేకకు లాకు మీది కొంగలన్నీ లేచిపోయాయి. ఆ సాయంత్రం హైదరాబాదు బస్సు ఒక సీటు ఖాళీతో వెళ్ళింది.

ఇప్పుడాయనకు డెబ్భై దాటాయి. పొద్దున్నే గట్టు మీద ఎందరు పరుగెడుతున్నా, అందరికంటే ముందు ఆయనే. పెద్దాయన్ని దాటడం బాగుండదని మిగతావాళ్ళు కావాలనే వెనక ఉంటారు. నేనూ అందుకే వెనక ఉంటున్నానని మా విద్యార్థులతో చెబుతుంటాను. నిజం తప్ప మాట్లాడనని వేదికలెక్కి ప్రకటించినవాణ్ణి, ఈ ఒక్క అబద్ధం మాత్రం ఏ సంకోచమూ లేకుండా, ఆయాసపడుతూ, గర్వంగా ఆడుతున్నాను.