ఫిట్స్ లేవని సర్టిఫికెట్

మొన్న వేసవిలో మా మేనకోడలు పన్నెండేళ్ల కొడుకును వెంటబెట్టుకుని నూజివీడు వచ్చింది. వాడు బెజవాడలో ఏదో ఫుట్‌బాల్ అకాడమీలో చేరాడట. ఒంటికి నల్ల బనీను, దాని వీపున అగ్గిపెట్టెంత యంత్రం. వాడెంత దూరం పరిగెత్తాడో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో అది ఎప్పటికప్పుడు తల్లి ఫోనుకు చాడీలు చెబుతుంది. నేను ప్రేమగా చిన్నరసాల బుట్ట ముందు పెడితే మేనకోడలు గాభరా పడిపోయి, "వద్దు మామయ్యా, రోజుకి అర పండే తినమన్నారు కోచ్ గారు" అంది. నూజివీడులో అర పండు! తోటలు ఆ మాట వినలేదు కాబట్టి సరిపోయింది గానీ, వింటే మరుసటి ఏడు పూత పూసేవి కావు.

వాడు బుట్టకేసి చూసిన చూపులో నాకు మా బావ కనిపించాడు. మేనత్త కొడుకు, నాకన్నా ఏడాది పెద్ద. ఇది ఎనభైల నాటి సంగతి. మా రెండిళ్ల వాళ్లూ మామిడి తోటల్లో కూలికి పోయేవాళ్లే. చివర వల సంచి కట్టిన గడ పట్టుకుని బావ చెట్టెక్కితే ఉడతలు పక్కకు తప్పుకుని దారిచ్చేవి. వాడి కాళ్లను ముందుగా కనిపెట్టిన మహానుభావుడు మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి. స్కూలు మొత్తానికి ఒకే బంతి. దాన్ని ఎన్నిసార్లు కుట్టించారంటే, చివరికి అందులో తోలు కన్నా దారమే ఎక్కువ. నన్ను గోల్‌కీపర్ని చేశారు. కదలకుండానే సగం గోలు మూసేయగల శరీరం నాది.

మాస్టారు నోరు తెరిస్తే "స్టామినా" అనేవారు. పొద్దున్నే తోటలో చెట్ల వరసల మధ్య ఎర్రమట్టిలో పరుగు. అయ్యాక పిడికెడు నానేసిన శనగలు. ఆ శనగలు తిన్న బలంతో బావ పగలంతా కాయ కోసి, గంపలు మోసి, సాయంత్రం మళ్లీ ఆటకొచ్చేవాడు. ఇప్పటి పిల్లలకు ఒంటి మీద పడే భారాన్ని లెక్కగట్టే లోడ్ మేనేజ్‌మెంట్ అనేదొకటి ఉందట. మా బావకు లోడ్ మాత్రం ఉండేది. మేనేజ్‌మెంట్ తోట మేస్త్రీ చూసుకునేవాడు.

ఆ ఏడు బెజవాడలో స్పోర్ట్స్ హాస్టల్‌కి ఎంపికలు పడ్డాయి. బావ వయసుకి అదే ఆఖరి అవకాశం. తప్పితే మామిడి లారీ మీద ఎగుమతి కూలీగా పంపుతానని వాళ్ల నాన్న అప్పటికే మేస్త్రీకి మాటిచ్చేశాడు. "అక్కడ రోజూ ఆడుకోవడమే పనంట బావా!" అని మా వాడు నాకు రోజుకు నలభైసార్లు చెప్పేవాడు. మాస్టారు వాళ్లింటికొచ్చి కాగితం చదివి, "ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలమ్మా. డాక్టరు గారి చేత రాయించుకు రండి" అన్నారు.

అత్త ముఖం మాడిపోయింది. "మా వాడికి ఫిట్సేంటండీ? ఎవరన్నారండీ ఆ మాట? పుట్టి పదహారేళ్లయింది, ఒక్కనాడు కొట్టుకుని పడిపోయింది లేదు!"

"అబ్బే, ఫిట్స్ కాదమ్మా, ఫిట్‌నెస్."

"నెస్ అంటే చిన్న ఫిట్సాండీ, పెద్ద ఫిట్సా?"

మాస్టారు తలపట్టుకుని వెళ్లిపోయారు. సాయంత్రానికి పేటంతా పరామర్శకు వచ్చింది. ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాలు పెట్టాలి కదా, ఇంటికొక గుత్తి చొప్పున తెచ్చారు. ఆ రోజు మా పేటలో దొంగలు పడితే కష్టపడకుండా పని ముగించుకునేవాళ్లు. మేస్త్రీ మెల్లగా, "కొన్నాళ్లు చెట్టెక్కకులేరా" అన్నాడు. ఆ మాటతో అత్తకు కన్నీళ్లొచ్చాయి.

మర్నాడు ఆర్ఎంపీ డాక్టరు గారి దగ్గర ఆవిడ బైఠాయించింది. "మా వాడికి ఫిట్స్ లేవని ఇంగ్లీషులో గట్టిగా రాయండి."

"అలా రాయరమ్మా."

"ఎందుకు రాయరండీ? అంటే ఉన్నాయా?"

ఆయన భయపడి రాసిచ్చేశాడు. అత్త దాన్ని కవరులో పెట్టి, అన్నం మెతుకులతో అంటించి, పరువుకు సంబంధించిన కాగితమని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మాస్టార్ని కూడా.

బెజవాడ గ్రౌండులో పొద్దున బావ ఎరువు తెచ్చుకున్న బూట్లతో ఆడాడు. వాడు బంతి తన్నితే కృష్ణ అవతలి గట్టున జనం తలలు వంచుకున్నారంటే నమ్మాలి మీరు. మధ్యాహ్నం సెలక్షన్ ఆఫీసరు, వెంట వచ్చిన అత్త అందించిన కవరు చించి చూశాడు. "నో ఫిట్స్" అని రాసిన మాటలో చివరి ఎస్సును డాక్టరు గారి సంతకం తోక మింగేసింది.

"డాక్టరే నో ఫిట్ అని రాశాడు, ఇంక చూసేదేముంది?" అంటూ బావ పేరు కొట్టేశాడు.

బావ నేల చూస్తూ నిలబడ్డాడు. అత్త జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఫిట్స్ లేవని నేనే రాయించానండీ బాబూ! లేకపోతే మీరు ఉన్నాయనుకుంటారని!"

ఆఫీసరుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వు ఆపి, "ఈ కాగితం మాత్రం పనికిరాదమ్మా. పది రౌండ్లు ఆగకుండా కొట్టమనండి, చూస్తాను" అన్నాడు.

మే నెల మిట్టమధ్యాహ్నం. బూట్లు సొంతదారుడు పట్టుకుపోయాడు. బావ ఉత్త కాళ్లతో మొదలెట్టాడు. ఆరో రౌండుకు వాడి పెదాలు తెల్లబడ్డాయి. అత్త ఉండబట్టలేక కుచ్చిళ్లు దోపుకుని గీత లోపల తనూ పరుగు. "పడకురా నాయనా! పడితే ఫిట్సంటార్రా!" తొమ్మిదో రౌండులో వాడు తూలాడు. అరచెయ్యి నేలకానించి మళ్లీ లేచాడు. పది అయ్యాక ఆఫీసరు "చాలు, చాలు!" అని అరిచాడు. వాడికి వినపడలేదు, పదకొండోది కూడా తిరిగొచ్చాడు. కొట్టేసిన పేరును ఆఫీసరే మళ్లీ తన చేత్తో రాశాడు.

హాస్టల్లో బావ రెండేళ్లున్నాడు. మోకాలు వాచినా గుడ్డ చుట్టి ఆడించారు. నొప్పి అని చెప్పుకోవడం బద్ధకం కింద లెక్క ఆ రోజుల్లో. మూడో ఏడు వాడు కుంటుతూ ఇంటికొచ్చి మామిడి లారీ ఎక్కాడు. "చాలా అన్యాయం జరిగింది బావా నీకు" అని ఆ మధ్య నేనంటే, వాడు మెట్లు దిగుతూ మోకాలు పట్టుకుని, "రెండేళ్లు రోజూ ఆడానుగా బావా" అన్నాడు, ఆ రెండేళ్లూ ఇంకా జేబులో ఉన్నట్టు.

బెజవాడ గ్రౌండులో ఆ మధ్యాహ్నం ఎప్పటికీ అయిపోదేమో అనిపించింది మాకప్పుడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ తర్వాత గడిచిన ఏళ్లన్నీ దాని పక్కన పొట్టిగా కనిపిస్తాయి.