వేట వచ్చేదాకా తాడు దిగదు

తారు కాగే వాసన వస్తే ఎవరైనా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం పొయ్యి మీద కూర వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడతాను. మొన్న పొద్దున కూడా అదే పని చేశాను. కోంటకు పోయే హైవేను వెడల్పు చేస్తున్నారని పెద్ద పెద్ద యంత్రాలు మా ఊరిదాకా వచ్చాయి. రోడ్డు పక్కన తారు కుతకుత ఉడుకుతోంది, గాలి మా ఇంటివైపే తిరిగింది. ఆ వాసనలో నాకు ఎప్పుడూ ఒక మనిషే కనిపిస్తాడు. తెల్ల లాల్చీ చేతులు మడుచుకుని, పొగకు కళ్ళు మండి దగ్గుతూ, ఊరందరి ముందూ నడుం వంచి రోడ్డు మీద తారు పోస్తున్న ఠేకేదారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ దగ్గు తలుచుకుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

ఎర్రబోరు దాటి కోంట వైపు వచ్చే దారిలో రోడ్డుకు రెండు పక్కలా ఉంటుంది మా ఊరు. అడవి వైపు ఆదివాసీ దొర్లవాళ్ళ దొర్లపారా, పొలాల వైపు మా తెలుగుపేట, బస్సు ఆగే చోట గీదం నుంచి వచ్చి కొట్లు పెట్టుకున్న హిందీవాళ్ళ బజార్‌పారా. మా తాతలు భద్రాచలం అవతల నుంచి మిరప చేలల్లో కూలికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. మూడు పేటలకూ మూడు బావులుండేవి. పెద్దవాళ్ళు అవసరం పడితే తప్ప ఒకరి గడప ఒకరు తొక్కేవాళ్ళు కాదు. పిల్లలకు ఆ పట్టింపు ఎక్కడిది? ఆటలో ఓడిపోతే దొర్లలో తిట్టుకుని, గెలిస్తే తెలుగులో కేకలు పెట్టి, బఠాణీలు కొనుక్కునేటప్పుడు హిందీలో బతిమాలుకునేవాళ్ళం. మా అక్క భద్రమ్మకు మూడు భాషల్లోనూ తిట్లు సమానంగా వచ్చు. నాకంటే కొంచెమే పెద్దది, కానీ పెత్తనంలో మా నాయనమ్మకు ఏమాత్రం తీసిపోదు.

ఆ రోడ్డు వేసినప్పుడు కంకర కొట్టింది మా తాతలూ దొర్లవాళ్ళ తాతలూనట. అందుకేనేమో, దాన్ని అందరం మా ఇంటి వాకిలి అనుకునేవాళ్ళం. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు ఏరుకొచ్చి దాని మీదే ఆరబోసేవాళ్ళం, ఊరంతా ఆ తీపి మత్తు వాసనతో బరువెక్కేది. ఆ తర్వాత చింతపండు, ఆ తర్వాత ఉప్పు రాసిన మామిడి ఒరుగులు, తాండ్ర పోసిన చాపలు. మట్టి వాకిళ్ళలో ధూళి పడుతుందని, నల్లటి తారు మీదైతే ఒక్క ఎండకే గలగలమంటాయని మా ఆడవాళ్ళ లెక్క. మేం సున్నపురాయితో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. అక్క అప్పుడప్పుడూ రోడ్డుకు చెవి ఆనించి, లోపలి మోత విని, “ఆకు లారీ వస్తాంది, లేవుండ్రి” అనేది. మేం చాపలు లాక్కుని పక్కకు తప్పుకునేలోపు నిజంగానే మలుపు దగ్గర తునికాకు లారీ కనిపించేది. బీడీలకు పోయే ఆ ఆకు మేం కోసి కట్టలు కట్టిందే. లారీలు మాత్రం ఆకు కాంట్రాక్టు పట్టిన ఠేకేదారువి.

ఆకు సీజను చివర్లో, విత్తనాలకు ముందు, దొర్లవాళ్ళు భూమి పండగ చేసుకునేవాళ్ళు. మగవాళ్ళు విల్లంబులతో అడవికి పోవాలి. వాళ్ళు వేట తెచ్చేదాకా రోడ్డు ఆడవాళ్ళది. అడ్డతీగ నారతో పేనిన తాడు రోడ్డుకు అడ్డంగా పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చిన బండినల్లా ఆపి, చిల్లరో బెల్లం ముక్కో పుచ్చుకుని వదిలేవాళ్ళు. వేట దొరక్కుండా వట్టి చేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు పోసేవాళ్ళు. మేం మా పేట గట్టు మీద కూర్చుని, కొత్త జొన్న గట్కలోకి మామిడికాయ పచ్చడి నంజుకుంటూ ఆ సంబరం చూసేవాళ్ళం. చూడ్డమే తప్ప తాడు ముట్టుకోవడం లేదు, అది వాళ్ళ పండగ.

ఒక ఏడు పండగ దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. రోడ్డు మీద మా ఒరుగులున్నాయి. తడిస్తే ఏడాది పులుసు పోతుందని అమ్మ కేకేసింది, అక్క గంప తీసుకుని ఉరికింది. అదే మబ్బుకు, ఆకు తడిసిపోతుందని లారీ కూడా తొందరపడింది. గాలి హోరులో అక్కకు మోత వినపడలేదు. లారీ ఆగలేదు. మేం చేరేసరికి ఒరుగులు చెల్లాచెదురై ఉన్నాయి, అక్క వాటి మధ్య పడి ఉంది. పైకి పెద్ద గాయమేమీ లేదు. ఒక పక్క డొక్క మాత్రం లోపలికి పోయి ఉంది. ఇంటికి తెచ్చేలోపే పోయింది. ఆ మబ్బు చివరికి చినుకైనా రాల్చలేదు.

పోలీసు థానాలో, పిల్లే ఉరికొచ్చి లారీకి అడ్డం పడిందని రాసుకున్నారు. ఠేకేదారు తరఫున ఆకు లెక్కలు చూసే ముంశీ మా వాకిట్లోకి వచ్చి చెప్పులు విప్పకుండానే, “గలతీ పిల్లదే గదా. సడక్ మీద సామాన్ ఎండబెడితే ఎట్లా?” అన్నాడు. నాన్న తల దించుకుని విన్నాడు. అమ్మ దించుకోలేదు. “ఆళ్ళ ఆకు మురగాలె. ఆ ఠేకేదారు నా బిడ్డ పడ్డకాడికొచ్చి నడుం వంచాలె. అప్పటిదాక నాకు అన్నం దిగది” అంది. నాకు ఏడుపు రావాల్సిన చోట మంట పుట్టింది. ఆ మంట పెద్దవాళ్ళ సొత్తు అనుకుంటారు గానీ, పిల్లల దగ్గరే అది ఎక్కువ రోజులుంటుంది.

పండగ రోజు పొద్దున్నే జోగవ్వ మా పేటకు వచ్చింది. దొర్లపారాలో ఆడవాళ్ళందరికీ పెద్ద ఆవిడే, తాడు ఆవిడ ఇంట్లోనే ఉండేది. ఆవిడ మా గడప తొక్కడం అదే మొదలు. భుజం మీది తాడు చుట్ట విప్పి ఒక కొస అమ్మ చేతిలో పెట్టింది.

“ఈ కొస నువ్వు వట్టు, బిడ్డా. ఏట వచ్చేదాక తాడు దిగది, అది మా రివాజు. ఈ ఏడు మొగోళ్ళకు ఏట దొర్కది. సమజైందా?”

అమ్మకు సమజైంది. నాన్నతో సహా మా పేట మగవాళ్ళు కూడా దొర్లవాళ్ళ వెంట అడవికి పోయారు. మధ్యాహ్నానికి బజార్‌పారా నుంచి కిరాణా కొట్టు భాభీ పెద్ద కెటిల్‌తో టీ మోసుకొచ్చింది. “నా పిల్లలు గూడ ఇదే సడక్ దాటి ఇస్కూల్ పోతరు” అని కొంగు నడుముకు దోపి, తాడు మధ్యలో తనూ ఒక చెయ్యి వేసింది. ఒకరి బావిలో ఒకరు నీళ్ళు తోడుకోని మూడు పేటల ఆడవాళ్ళు ఒకే తాడు పట్టుకోవడం అప్పుడే చూశాను.

బస్సొస్తే తాడు దించేవాళ్ళు. సైకిలొస్తే, బండొస్తే, జీపులో రోగి ఉంటే దించేవాళ్ళు. ఆకు లారీకి మాత్రం దించలేదు. మొదటిరోజు డ్రైవర్లు నవ్వుతూ చిల్లర విసిరి, మాతోపాటు నాలుగు అడుగులు చిందేశారు. మర్నాడు అదే తాడు చూసి మొహాలు మాడ్చుకున్నారు. ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టారు. లారీలు మలుపు దాకా బారులు తీరాయి. ఆ డ్రైవర్లకు మా ఆడవాళ్ళు వేళకు అంబలి పోశారు, నీడలో చాపలు వేశారు, దారి మాత్రం ఇవ్వలేదు. థానా వాళ్ళు వచ్చి గద్దిస్తే జోగవ్వ బోసినోటితో నవ్వి, “పండగ, సారూ. ఏట రాలె” అంది. పండగను ఆపమనలేక వాళ్ళు వచ్చిన దారినే పోయారు.

మగవాళ్ళేం చేసేవాళ్ళంటే, అడవిలో మామిడి చెట్ల కింద పడుకునేవాళ్ళు. కుందేలు కాళ్ళ మీదుగా పోయినా మొహం అటు తిప్పుకునేవాళ్ళమని మా బాబాయి చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వేవాడు. సాయంత్రం వట్టి చేతులతో వచ్చి వరసగా నిలబడేవాళ్ళు, ఆడవాళ్ళు కుండలెత్తి పేడనీళ్ళు కుమ్మరించేవాళ్ళు. రివాజు రివాజే. నాన్న మీద అమ్మే పోసేది. మిగతా మగవాళ్ళు తుళ్ళిపడి పరిగెత్తేవాళ్ళు గానీ నాన్న కదిలేవాడు కాదు. మొహం మీంచి ఆ నీళ్ళు కారుతుంటే వాటి చాటున ఏడ్చేవాడు. ఇంట్లో ఆయన ఏడవడం నేను చూడలేదు.

ముంశీకి మా రివాజులు బాగా తెలుసు. చాలా ఏళ్ళుగా ఆకు కొంటున్నవాడు కదా. ఒకరోజు డప్పులు కొట్టించుకుంటూ జీపులో వచ్చాడు. వెనక ఒక పెద్ద అడవిపంది, మెడలో బంతిపూల దండ. “ఇదిగో, వేట వచ్చేసింది. రివాజు ప్రకారం తాడు దించండి” అన్నాడు. ఎవరు తెచ్చినా వేట ఊళ్ళోకొస్తే తాడు దిగాల్సిందే, ఆ మాట జోగవ్వే ఎన్నోసార్లు చెప్పింది. తాడు పట్టిన చేతులు కొన్ని వదులయ్యాయి. డ్రైవర్లు అప్పుడే ఇంజన్లు స్టార్టు చేసుకుంటున్నారు. నేను జీపు చక్రం మీదికెక్కి ఆ పందిని చూశాను. బాణం దిగిన చోటు లేదు, బల్లెం దెబ్బ లేదు. ఒక పక్క డొక్క లోపలికి పోయి ఉంది. నాకు ఆ డొక్క తెలుసు.

“అమ్మా, దీన్ని గూడ లారీయే కొట్టింది” అన్నాను.

జోగవ్వ దగ్గరికొచ్చి దండ తీసి, పందిని అటూ ఇటూ తిప్పింది. తర్వాత ముంశీ వైపు చూసి, గొంతు పెంచకుండానే, “ఇది మేం కొట్టిన ఏట గాదు. మీరు కొట్టింది. దీన్ని తెచ్చి మాకే పెడ్తవా?” అంది. సాయంత్రానికని కలిపి పెట్టిన పేడనీళ్ళన్నీ ముంశీ మీద పడ్డాయి. మొదటి కుండ అమ్మది. నా చిన్న ముంత కూడా పడింది, సరిగ్గా మీసాల మీద. ఆ గురి నేను అక్క దగ్గరే నేర్చుకున్నాను.

మర్నాడు వాన మొదలైంది. ఈసారి ఉత్త మబ్బు కాదు. టార్పాలిన్ల కింద ఆకు మాగి, మురిగి, ఊరంతా పుల్లటి కుళ్ళు వాసన కమ్మింది. మేమే ముళ్ళు గీరుకుంటూ కోసిన ఆకు అది. అయినా సరే, ఆ కంపును నేను గుండెల నిండా పీల్చుకున్నాను. అమ్మ ఆ రోజు అన్నం తింది.

వాన తెరిపిచ్చాక ఠేకేదారే దిగివచ్చాడు. సర్పంచ్ మధ్యలో నిలబడి మాట్లాడాడు. లారీలు నెమ్మదించేలా ఇక్కడ స్పీడ్ బ్రేకర్ వేయిస్తానని, కూలీలను పంపుతానని ఠేకేదారు ఒప్పుకున్నాడు. జోగవ్వ తల అడ్డంగా ఊపింది. “కూలోళ్ళు గాదు. నువ్వే పొయ్యాలె. పిల్లను కొట్టిన ఆ డ్రైవరు కంకర మొయ్యాలె.” కనుచూపు మేర నిలబడ్డ తన లారీల వైపు చూసుకుని అతను లాల్చీ చేతులు మడిచాడు. డ్రైవరు కంకర గంపలు మోశాడు, ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు. అక్క పడిన చోటే, సరిగ్గా ఆ చోటే, ఠేకేదారు నడుం వంచి తారు పోశాడు. దగ్గాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ తాడు కొస పట్టుకుని కన్నార్పకుండా చూసింది. అంతా అయ్యాక జోగవ్వ అతన్ని చేత్తో చూపించి, “ఇగో, మా ఏట వచ్చింది. ఇంక దించుండ్రి” అంది.

ఆ తర్వాత మూడు పేటలూ ఆ బ్రేకర్‌కు కాపలా పెట్టుకున్నాయి. బడి వేళకు వంతులవారీగా ఒక ఆడమనిషి ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడేది. వానకు కంకర లేస్తే ఎవరో ఒకరు గంప తెచ్చేవాళ్ళు. బావుల పట్టింపు కూడా ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. సాయంత్రాలు అమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, లారీ వచ్చి బ్రేకు వేసి, ముందు చక్రాలు ఎత్తి దించుకుంటుంటే, “వంగు” అనేది మెల్లగా. ప్రతి లారీకీ అనేది. ఆవిడ మంచంలో పడ్డ చివరి రోజుల్లో, ఆ మాట ఆవిడ బదులు నేను అన్నాను.

మొన్న ఆ యంత్రం బ్రేకర్‌ను గీకి పారేసింది, నేను టీ తాగడం పూర్తి కాకముందే. జోగవ్వ లేదు, అమ్మా నాన్నా లేరు. తునికాకు లారీలు తగ్గాయి, వాటి బదులు నగర్‌నార్ వైపు నుంచి ఇనుము మోసుకుని ఇంటి కంటే పొడవున్న బళ్ళు వస్తున్నాయి. రోడ్డు మీద ఒరుగులు ఎండబెట్టేవాళ్ళు లేరు, చెవి ఆనించి మోత వినే పిల్లలు లేరు. భూమి పండగకు కుర్రాళ్ళు నైలాను తాడు కట్టి ఫొటోలు దిగి, పొద్దుగూకకముందే విప్పేస్తారు. పనులు చూసే ఇంజినీరు చిన్నవాడే, మర్యాదగానే చెప్పాడు. “హైవే మీద బ్రేకర్లు ఉండవమ్మా. రూల్.” నిన్న బడి వదిలాక రోడ్డు మధ్యలో ఒక చిన్న చెప్పు పడి ఉంది. పిల్ల బతికింది, చెప్పే పోయింది.

రూలు మాకూ ఒకటుంది. వచ్చే వారమే పండగ. జోగవ్వ మనవరాలు అడవి నుంచి అడ్డతీగ కొట్టుకొచ్చింది, ఆ నార ఇప్పుడు మా కుండలో నానుతోంది. టీ సంగతి భాభీ కోడలు చూసుకుంటానంది. రాత్రి అన్నం తింటూ మా ఆయన, “ఈసారి ఏట ఎన్ని పొద్దులకు దొర్కాలె?” అని అడిగాడు.

“తొందరేంది” అన్నాను. “మామిడి చెట్ల కింద పండుకోండ్రి.”