సత్యవేదమ్మ వద్దన్న మాట

కొల్లేటి గట్టు వెంబడి ఊళ్ళలో సత్యవేదమ్మకి భయం తెలియదని పేరు. పెంటపాడు పక్కన కూలి చేసుకునే ఇంట్లో పుట్టింది. తాడేపల్లిగూడెంలో మిషను బోర్డింగులో చదువుకుంది. జ్ఞానయ్య పంతులుగారిని పెళ్ళాడి, ఆకివీడు దాటాక గట్టు మీదున్న క్రైస్తవుల పేటకి కాపురానికి వచ్చింది. ఆయన పిల్లలకి బడి చెప్పేవాడు, ఆవిడ ఆడవాళ్ళకి వాక్యం చెప్పేది. ఆయన పోయాక బడికి ఇంకో పంతులు వచ్చాడు గాని, ఆవిడ పని మాత్రం ఆగలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, తెల్లటి జాకెట్టు తొడుక్కుని, చేతిలో గొడుగుతో ఊరూరా తిరిగేది. కుక్కలు మొరిగితే గొడుగు చూపించేది. కరణంగారు కసిరితే, "తమరు కోప్పడినా బాగానే ఉంటారండీ" అని నవ్వి, తన పని తాను చేసుకుపోయేది.

అంత గట్టి మనిషీ ఏటేటా ఒక్క చోట మొండికేసేది.

మంచి శుక్రవారం నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించడం ఆ పేటలో ఆచారం. దానికి ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఎవరికే మాటో పంచేవారు. మొదటిది, తనకి మేకులు కొట్టినవాళ్ళని క్షమించమని తండ్రిని వేడుకున్న మాట. అది సత్యవేదమ్మ దగ్గరకి వచ్చిన ప్రతిసారీ ఆవిడ తల అడ్డంగా ఊపేసేది.

పంతొమ్మిది వందల ముప్ఫైల నడుమ ఒక ఏడు కూడా అలాగే జరిగింది.

"ఎన్నేళ్ళు తప్పించుకుంటారమ్మా?" అన్నారు పాస్టరుగారు. పెద్దాయన, నెమ్మదస్తుడు.

"తప్పించుకోవడం కాదండీ. నోటితో చెప్పమంటే ఇప్పుడే చెప్పేస్తాను. కాని సిలువ దగ్గర నిలబడి అబద్ధం ఆడమంటారా?"

పాస్టరుగారు ఆవిడకి ఐదో మాట ఇచ్చారు. ప్రభువు దాహమని అడిగిన మాట. "ఇది చెప్తానండి, హాయిగా చెప్తాను" అంది సత్యవేదమ్మ.

ఆవిడ అబద్ధమన్నది ఎందుకో పేటలో అందరికీ తెలుసు. సరస్సులో మల్లెలంక అని చేపలు పట్టుకునేవాళ్ళ ఊరొకటి ఉంది. దానికి పెద్ద పెద్దింటయ్య. కొన్నేళ్ళ కిందట వానాకాలంలో జ్ఞానయ్య పంతులుకి కడుపులో పోటు వచ్చి మెలికలు తిరిగిపోయాడు. గట్టు రోడ్డు తెగిపోయింది. ఆసుపత్రికి పడవే దారి. ఆ పూట రేవులో ఉన్నది పెద్దింటయ్య నావ ఒక్కటే. సత్యవేదమ్మ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టింది. పెద్దింటయ్య ఆవిడ వంక చూడనైనా చూడలేదు. "మీ పేటవాళ్ళని ఎక్కిస్తే నావ మైలపడిపోద్ది. మళ్ళీ చేప పడదు" అని గెడ వేసుకుని వెళ్ళిపోయాడు. పేట మగవాళ్ళు మంచం మీద మోసుకుంటూ, తెగిన చోటల్లా చుట్టూ తిరిగి నడిచారు. ఆసుపత్రి కనుచూపు మేరలోకి రాకముందే పంతులు ప్రాణం పోయింది.

అప్పట్నుంచి సత్యవేదమ్మ అన్ని లంకలకీ వెళ్ళింది గాని, మల్లెలంక గడప తొక్కలేదు.

ఆ శుక్రవారం ఎండ పొద్దుటే మొదలైంది. సరస్సు నీళ్ళు లోపలికి తగ్గిపోయి, గట్టు కింద నేల నెర్రెలు విచ్చి ఉంది. ప్రార్థన పాకలో సత్యవేదమ్మ చాపలు పరుస్తుంటే బయటినుంచి ఎవరో ఆడమనిషి కేక వేసింది. పేటలోకి రాకుండా, దూరంగా తుమ్మచెట్టు దగ్గర నిలబడిపోయింది. మోకాళ్ళ దాకా బురద. ఆవిడ పెద్దింటయ్య భార్య అమ్మాజీ.

"పంతులమ్మా! ఓ పంతులమ్మా! మా ఆయనకి గత్తర తగిలిందమ్మా. తెల్లారగట్లనుంచీ వాంతులు, విరేచనాలు. మావోళ్ళంతా పిల్లల్ని ఎత్తుకుని ఎల్లిపోయారు. ఒక్కదాన్నే ఉన్నాను. నీకు గత్తర మందు తెలుసంటగా..."

గత్తర అనగానే పాకలో ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. కలరా అంటే ఆ రోజుల్లో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యేవి. సత్యవేదమ్మకి ఆసుపత్రి డాక్టరమ్మ అంతకుముందే సూదిమందు వేసింది, రోగిని ఎలా చూసుకోవాలో చెప్పింది. ఆ సంగతి అమ్మాజీ దాకా ఎలా పాకిందో ఏమో.

సత్యవేదమ్మ కదల్లేదు. చాప అంచు పట్టుకుని అలాగే నిలబడింది. 'అడగనీ. ఇంకా అడగనీ' అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. అయినా అనిపించడం ఆగలేదు.

పాస్టరుగారు పక్కకి వచ్చి మెల్లగా అన్నారు. "ఐదో మాట నేను చెప్పుకుంటాలే. మీరు వెళ్ళిరండి."

"వెళ్తానని నేనన్నానా అండీ?"

"అనలేదమ్మా."

ఆవిడ ఆయన వంక కోపంగా చూసింది. దాహం గురించి రాత్రంతా కూర్చి పెట్టుకున్న మాటలు లోపల ఒక్కొక్కటే రాలిపోయాయి. అక్కడ నిజంగా నాలుక పిడచకట్టి ఒకడు పడి ఉంటే, ఇక్కడ చాప మీద నిలబడి దాహం మీద ప్రసంగం చెయ్యడానికి నోరెలా వస్తుంది? విసురుగా ఇంట్లోకి వెళ్ళి ఉప్పు పొట్లం, నూకలు, పాత చీర తీసుకుంది.

"పదండి అమ్మాజీగారూ. దారిలో ఏడవకండి, ఊపిరి చాలదు" అంది.

పెద్దింటయ్య గుడిసె నేల మీద, పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. గెడ విసిరితే నావ ఎగిరిపడేంత బలమున్న మనిషి, ఒక్క పూటలో ఎండుచేపలా అయిపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి. చేతి మీద చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడిపోతోంది. సత్యవేదమ్మ అమ్మాజీ చేత పొయ్యి అంటించి నీళ్ళు మరిగించింది. నూకలు గంజి కాచి, ఉప్పేసి, చల్లార్చి ముంతతో పెదాల దగ్గర పెట్టింది.

పెద్దింటయ్య కళ్ళు తెరిచాడు. ఎవరో గుర్తుపట్టాడు. పెదాలు బిగించేశాడు.

"నీ చేతి నీళ్ళా?"

సత్యవేదమ్మకి ఒళ్ళు మండింది. దాంతోపాటు నవ్వూ వచ్చింది. "నీళ్ళు కొల్లేటివి. కుండ మీది. ఉప్పు సర్కారుది. నాదల్లా ఈ చెయ్యి ఒక్కటేనండీ. అది నచ్చకపోతే కళ్ళు మూసుకుని తాగండి."

పెద్దింటయ్య నోరు తెరిచాడు.

ఆ రోజంతా అదే పని. తాగించడం, వాంతి అయితే మళ్ళీ తాగించడం, గుడ్డలు మార్చడం, మురికి దూరంగా గొయ్యి తీసి పూడ్చడం, కాళ్ళు కొంకర్లు పోతుంటే ఇద్దరూ చెరో పక్కా రుద్దడం. ఆవిడకి ఆయన మీద ప్రేమ పుట్టలేదు. చేతులు మాత్రం ఆగకుండా పనిచేశాయి. ఒక్కోసారి ముంత ఎత్తుతుంటే పంతులుగారి ముఖం కళ్ళముందుకి వచ్చేది. అప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, నా దగ్గర లేదు. నువ్వే ఇయ్యి" అనుకుని మళ్ళీ తాగించేది.

శనివారం ఎండ ఎక్కేసరికి విరేచనాలు కట్టాయి. పెద్దింటయ్యకి గొంతు పెగిలింది.

"పంతులమ్మా... ఆ రోజు... జ్ఞానయ్య పంతుల్ని..."

"ఇప్పుడు మాట్లాడకండి. తాగండి."

"సెప్పనియ్యి. నిన్ను సూడకుండా గెడేసుకుని పోయాను గాని, అంతా ఇన్నాను. నువ్వేడవడం ఇన్నాను."

ఏళ్ళ తరబడి ఆవిడ ఎదురుచూసింది ఈ మాట కోసమే. వాడు ఒప్పుకోవాలి, వాడు ఏడవాలి, అప్పుడు చూద్దాం అనుకునేది. ఇప్పుడు ఒప్పుకున్నాడు, కంటి చివర తడి కూడా కనిపించింది. తీరా వింటుంటే ఆవిడకి అందులో రుచేమీ తెలియలేదు. రాత్రి వాంతి చేసుకుంటుంటే తల పట్టుకున్నప్పుడే, చెప్పాపెట్టకుండా, ఆ బరువు ఎప్పుడో దిగిపోయినట్టుంది.

బయటికి వచ్చి నీడన కూర్చుంది. నిన్న సిలువ దగ్గర ఉండాల్సిన మనసు ఇవాళ అక్కడికి చేరింది. ఆ కొండ మీద మేకులు కొట్టినవాళ్ళెవ్వరూ క్షమించమని అడగలేదు. పక్కనున్న దొంగకి బుద్ధి రావడం కూడా తర్వాతే. అప్పటికే ప్రభువు ఆ మాట అనేశాడు. ఎవరూ అడక్కముందే, ఎవరూ ఏడవకముందే. అందుకేగా అది మొదటి మాట అయింది! కష్టపడినవాడికి ఇచ్చేది కూలి, ఊరికే ఇచ్చేది కృప అని ఇన్ని లంకల్లో ఇన్నిసార్లు చెప్పింది. తను మాత్రం ఒక్క మనిషి దగ్గర కూలి లెక్కే పెట్టుకుని కూర్చుంది. ఆ కృపే లేకపోతే నిన్న తన చెయ్యి ఈ గుడిసెలో లేచేదా? ఇవ్వడానికి వచ్చాననుకుంది గాని, పుచ్చుకున్నది తనే.

లేచి చీర దులుపుకుంది. "అమ్మాజీగారూ, గంజి పలచగా కాయండి. ఈయన బతికాడు" అంది.

ఈస్టరు పొద్దుట, పేట జనమంతా సమాధుల తోటలో పువ్వులు పట్టుకుని పాడుతుంటే, కాలవలో తలంటుకుని తడి జుట్టుతో సత్యవేదమ్మ వచ్చింది. జ్ఞానయ్య సమాధి పక్కన నిలబడి, పాట అయ్యాక చెయ్యెత్తింది.

"అయ్యగారూ, మొదటి మాట నేను చెప్తానండి."

"ఇవాళ ఈస్టరమ్మా. అది శుక్రవారం మాట."

"ఆలస్యంగా వచ్చానండి. ఆయన లేచినవాడేగా, వింటాడు."

జనం నవ్వారు. తర్వాత ఆవిడ చెప్పడం మొదలుపెట్టాక ఎవరూ నవ్వలేదు. దాచకుండా చెప్పింది. తన కోపం, ముంత, సర్కారు ఉప్పు, అన్నీ. జ్ఞానయ్యని భుజం మీద మోసిన మగవాళ్ళలో ఒకాయన పైపంచతో ముఖం కప్పుకున్నాడు. ఇంకొకాయన మాత్రం, "నావల్ల కాదమ్మా" అని పైకే అన్నాడు. "మీరు తొందరపడకండి బాబాయ్‌గారూ, నాకు ఇన్నేళ్ళు పట్టింది" అంది సత్యవేదమ్మ.

పెద్దింటయ్య కోలుకోవడానికి ఎండాకాలమంతా పట్టింది. వానలు పడి నీళ్ళు వచ్చాక పేటలో ఎవరికి జబ్బు చేసినా కబురు పెట్టమన్నాడు. తన వాళ్ళు గొణిగితే, "నా పేనం ఆ చేతి నీళ్ళతోనే ఆగింది. నాకే అంటని మైల నావకి అంటుద్దా?" అని కసిరాడు. మతం మాత్రం మారలేదు. కొల్లేటికోట అమ్మవారి తీర్థానికి ఎప్పట్లాగే మేకని పట్టుకెళ్ళాడు. పాస్టరుగారు కాస్త ఆశగా అడిగితే సత్యవేదమ్మ, "నేను బేరం పెట్టి తాగించలేదు కదండీ. మిగతాది ప్రభువు చూసుకుంటాడు" అంది.

మరుసటి ఏడు ఆసుపత్రివాళ్ళు సూదిమందు పెట్టె పట్టుకుని మల్లెలంక వచ్చారు. సత్యవేదమ్మ ముందు నడిచింది. పెద్దింటయ్య ఊరందరినీ పిలిచి వరసలో నిలబెట్టాడు. అమ్మాజీ అందరికంటే ముందు చెయ్యి చాపింది. వరసలో ఒక ముసలావిడ సూది చూసి వెనక్కి జరిగింది.

"ఏమ్మా, ఇది ఏయించుకుంటే మీ దేవుడికి మొక్కాలా?"

"అక్కర్లేదు మామ్మగారూ" అంది సత్యవేదమ్మ, ఆవిడ ముడతలు పడ్డ చేతిని తన చేతుల్లోకి తీసుకుంటూ. "ఇది ఊరికే ఇచ్చేది. అటు చూడండి, చీమ కుట్టినట్టుంటుంది, అంతే."