మాస్కు కింది మొహం

కార్తీకమాసంలో ఇక్కడి ఐరిష్ వానలకి చెట్ల కింద కూర్చుంటే తడిసి ముద్దవుతాం కాబట్టి, మా తెలుగువాళ్ళు వనభోజనాలు ఎండాకాలంలోనే పెట్టేసుకునేవారు. ఆ ఏడు విక్లో కొండల్లో, జింకలు తిరిగే అడవిలో పెట్టారు. ఐరిష్ వాళ్ళు ప్యాంట్లు మేజోళ్ళలోకి దోపుకుని నడుస్తున్నారు. మేం మాత్రం అన్నం దగ్గర చెప్పులేమిటని అన్నీ విప్పేసి, ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి, ఆ గడ్డిలోనే బాసింపట్టు వేసుకుని పులిహోర తిన్నాం. మా భక్తి అంతా కాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఇంటికొచ్చాక మా ఆయన మోకాలి వెనక నువ్వుగింజంత నల్లటిది అంటుకుని ఉంది. కాళ్ళు కదిలిస్తోంది. సన్న పట్టకారుతో మెల్లగా తీస్తాను, ఉండమన్నాను.

"మా గేదెలకి ఇంతలేసి గోమార్లుండేవి. నేనే పీకేవాణ్ని. ఇదెంత?" అని గోళ్ళతో నలిపి లాగేశాడు. దాని ఒళ్ళు ఊడొచ్చింది, నోరు లోపలే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు అక్కడ ఎర్రటి మచ్చ లేచింది. అది రోజురోజుకీ పాకి, మధ్యలో తేలిపోయి, పళ్ళెం అంచులా తయారైంది. జ్వరం వచ్చి పోతోంది. జింకల గోమారి కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చనీ, ఇలాంటి మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకూడదనీ చదివి చెప్పాను. మా పేటలో అందర్నీ చూసే డాక్టరు, జీపీ దగ్గరికి పదమన్నాను.

ఆయన పని క్లాండాల్కిన్ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో, ఇంజెక్షన్లు నింపే, క్రిమి కూడా చొరబడకూడని క్లీన్‌రూమ్‌లో. ఒంటి మీద పుండున్నా, జ్వరమున్నా ముందే చెప్పాలి. చెబితే తగ్గేదాకా లోపలికి రానివ్వరు. మాంద్యం రోజులవి. సగం మందిని తీసేస్తారని అందరికీ తెలుసు. బయట కూర్చున్నవాణ్నే ముందు పంపిస్తారని ఆయన భయం. ఉద్యోగం పోతే పర్మిట్టూ పోతుంది, ఈ దేశమూ పోతుంది.

"ఇప్పుడు జీపీ దగ్గరికెళ్తే ఫ్యాక్టరీవాళ్ళకి చెప్పాల్సొస్తది. ఈ గొడవ అయిపోనీ, అప్పుడెళ్దాం. నీకు నా కాలు కావాలా, కూడు కావాలా?"

"కాలు లేని మొగుణ్ని ఏం చేసుకోనండీ?"

"అయితే ఇంకోణ్ని చూసుకో" అన్నాడు, మా పిల్ల ఎదురుగానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత ఆయన జ్వరంతో మూలుగుతుంటే కంచం ముందు పెట్టి వెళ్ళిపోయేదాన్ని. అందుకు ఇప్పటికీ నాకేమీ విచారం లేదు. ఆయన పారాసిటమాల్ మింగి, రోగులకిచ్చే మందు నింపడానికి తన రోగం దాచుకుని వెళ్ళేవాడు.

ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే నీళ్ళు నోట్లో నిలవలేదు. ఎడమవైపు మొహం జారిపోయింది. ఆ కన్ను మూతపడటం లేదు, మూతి కుడివైపుకి ఎక్కేసింది. పిల్ల చూసి, "డాడ్, స్టాప్ డూయింగ్ దట్" అంది.

"లోపల మాస్కుంటుంది, కళ్ళద్దాలుంటాయి. ఎవడికీ కనపడదు" అన్నాడు సగం నోటితో. నేను మేముండే నేవన్ నుంచి కారు నడిపి దింపొచ్చాను. నిజంగానే ఎవరికీ కనపడలేదు.

మధ్యాహ్నం ఆఫీసు గదిలోకి పిలిచారట. అక్కడికి మాస్కు తీసి వెళ్ళాలి. నీ ఉద్యోగం తీసేస్తున్నామని చెప్పి, అక్కడి ఆవిడ ఈయన మొహంలోకి చూసి, "ఫెయిర్ ప్లే టు యూ, శభాష్. పొద్దుట్నుంచి అందరూ ఏడ్చారు. నవ్వుతూ విన్నది నువ్వొక్కడివే" అందట.

తీసుకురావడానికి వెళ్తే, ఈ మాట కారులో నాకు చెబుతూ ఏడ్చాడు. నేను కారు తిన్నగా జీపీ దగ్గరికి పోనిచ్చాను.

ఆ డాక్టరు మోకాలి వెనక చూశాడు, మొహం చూశాడు. ఇది లైమే, మొహం నరాలదాకా పాకిందన్నాడు. మచ్చ లేచినప్పుడే ఎందుకు రాలేదని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను కారు తాళాలు సంచిలో పెట్టుకున్నాను.

"టైమ్ దొరకలేదు" అన్నాడు చివరికి, ఇంగ్లీషులో.

"ఇప్పుడు బోలెడంత దొరికింది" అన్నాను నేను, తెలుగులో.

డాక్టరు అర్థంకాక మర్యాదకి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వుతున్నట్టే ఉన్నాడు.