ఆ పొద్దు లేని తెల్లబండి

“ఆ మడకశిర తల్లి ఏమన్నా కబురు పంపిందా?” అన్నాడు మా ఆయన.

“పంపల్యా. పంపదు కూడా. కండ్లు మూసుకోని పండుకో” అన్నా నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఆ సాయంత్రానికే ఆయన ఊపిరి ఆగిపోయింది. మంచిమాట ఏదన్నా అనుంటే బాగుండు కదా అని మా వాళ్లు ఇప్పటికీ అంటారు గానీ, ఆయన అడిగినదానికి నా దగ్గర వేరే జవాబు లేదు.

ఇదంతా మళ్లా ఎందుకు తవ్వుతాండానంటే, మొన్న మా ఊరి హైస్కూలు నుంచి మనిషొచ్చి, గది ఖాళీ చేస్తాండాము, మీ మిలిటరీ బల్ల తీసుకపోండమ్మా అన్నాడు. ఆటోలో ఏసుకోని తెచ్చి చూస్తే, మా ఆయన చేతుల్తో చేసిన బొమ్మబండ్లన్నీ చెదలు తిని పిండైపోయినాయి, సంతలో కొన్న ప్లాస్టిక్ ట్యాంకు, ప్లాస్టిక్ ఆంబులెన్సు మాత్రం నిగనిగలాడతా నిలబడుండాయి. అందుకే మా చెల్లెలి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకోని చెప్తాండా, ఆ పాప రాస్తాండాది. నా ఈడు వాళ్లు చదివితే అర్థమవుతాది, వాళ్లకు ఆ కాలం తెలుసు.

మా ఆయన విమానాల మిలిటరీలో డ్రైవరు. డెబ్బై ఒకటి యుద్ధంలో, రాజస్థాన్ ఇసుకలో యాడనో ఒక విమానాల మైదానంలో, మూడు టన్నుల లారీ తోలినాడు. ఆయన జతగాడు మడకశిర పక్కోడు, విమానాలకు నూనె పోసే బండికి డ్రైవరు, ఆ బండిని బౌజరు అంటారు. ఒక తెల్లారుజామున పైనుంచి బాంబులు పడి ఆ పిల్లోనికి కడుపులో తగిలింది. మైదానానికి ఉన్న ఒకే ఒక ఆంబులెన్సు అంతకు ముందే వేరేవాళ్లను ఎక్కించుకోని టౌనుకు పోయిండె. మా ఆయన తన లారీలోనే టార్పాలిన్ పరిచి పండబెట్టుకోని పోతే, ఆసుపత్రి చేరకముందే దోవలో పాణం పోయింది. సెలవులో వచ్చినప్పుడు మా ఆయన మడకశిరకు పోయి, వాళ్లమ్మ ముందర కూర్చోని, వేరే బండి లేదమ్మా, ఉన్నదాంట్లోనే తీసుకపోయినా అని చెప్పినాడు. ఆమె నమ్మింది. నమ్మడమే కాదు, అప్పట్నుంచి ఏటేటా ఎవరో ఒకరి చేత మా ఇంటికి ఒక మూట చింతపండు పంపుతాండె.

కార్గిల్ యుద్ధం అయిన మరుసటేడు, యాడ చూసినా జెండాలూ పాటలూ. మా సర్పంచు ఇంటికొచ్చి, హైస్కూల్లో ఒక గది ఇస్తాము, నువ్వు చూసిన యుద్ధాన్ని బొమ్మల్లో చేసి పెట్టు మిలిటరీ అని అడిగినాడు. వానల్లేక శనక్కాయ చేను బీడు పడి ఉండె, మా ఆయనకు చెయ్యను పనీ లేకుండె. సరేనన్నాడు. ఆ దినం నుంచి మా ఇంట్లో కాలు పెట్టను చోటు లేకపాయ. జొన్నదంటు బెండుతో బండ్లు చేస్తాండె, జీపు అగ్గిపెట్టంత ఉండాలని పెట్టుకోని దాన్ని బట్టి తక్కినవాటికి కొలత తీస్తాండె, చెడిపోయిన టార్చిసెల్లును బౌజరుకు పీపాయిగా పెట్టినాడు, రాత్రిపూట పైనుంచి వెలుగు కనపడకుండా పూసేవాళ్లంట, బండ్ల దీపాలకు పైసగం నల్లరంగు పూసినాడు. నన్నూ వదల్లేదు. ధర్మవరంలో మా అక్క మగ్గం కాడ మిగిలిన దారాలు తెచ్చి, టీ డికాషన్లో ముంచి, లారీల మీద కప్పే వల నేనే అల్లినా.

చేసేదానికన్నా ఏ బండి పెట్టాల్నో తేల్చుకునేదే పెద్ద రోత. పిరంగిని లాగే బండి ఒకటి ముచ్చటగా చేసి, ఇది యుద్ధం అయిపోయినాక కదా వచ్చింది అని తానే విరిచి పొయ్యిలో ఏసినాడు. జీపుకు గుడ్డకప్పు ఉండెనా లేదా అని అన్నం ముందర పెట్టుకోని ఆలోచిస్తాండె. కరువుకు ఊర్లోకి నీళ్ల ట్యాంకరు వస్తాండె ఆ కాలంలో. ఆడోళ్లమంతా బిందెలతో కొట్లాడుకుంటాంటే ఈయన బౌజరు బొమ్మ కోసమని తాడు పట్టుకోని పీపాయికీ చక్రానికీ మధ్య ఎంత ఎడం ఉందని కొలుస్తాండె. “ఏమప్పా మిలిటరీ, ట్యాంకరుకు చొక్కా కుట్టిస్తావా? జరుగు పక్కకు!” అని ఒకామె బిందెతో పొడిచింది కూడా. సిగ్గుతో సగం బిందెకే ఇంటికొచ్చేసినా.

అన్నీ అయినాక చూసి, ఆంబులెన్సు లేదే, చిన్నది ఒకటి పెట్టరాదా, ఎవడు అడుగుతాడు అన్నా. ఆ పొద్దు అది ఆడ లేదు, గది తెరిచే దినం ఆ పిల్లోని అమ్మ వస్తానంది, ఆమె అడుగుతాది అన్నాడు. నా మొగుని మీద నాకు నిజంగా మర్యాద కలిగింది అప్పుడే.

గది తెరిచే దినం పొద్దున సర్పంచు మనుషులు బల్లను చూసి మొగం చిట్లించినారంట. యుద్ధమంటే ట్యాంకు లేకపోతే ఎట్లా అని సంతకు పోయి తెచ్చి, బౌజరును తీసి గోడకు పెట్టి, దాని చోట్లో నిలబెట్టినారు. ఆ ట్యాంకు, మా ఆయన బల్ల మీద పెట్టిన విమానానికన్నా పెద్దది, వెనక తిప్పను తాళంచెవి కూడా ఉండాది! దాని పక్కనే ఎర్ర గుర్తేసిన తెల్ల ఆంబులెన్సు. మేము పోయేసరికి అన్నీ అయిపోయినాయి. మా ఆయన నోరు తెరవకముందే శాలువా కప్పి, కలెక్టరాఫీసు నుంచి వచ్చినోళ్ల పక్కన స్టేజీ ఎక్కించినారు.

ఆ తల్లి బస్సు దిగి నేరుగా వచ్చింది. కొడుకు బండి యాడుందని బల్ల చుట్టూ తిరిగి, ఆంబులెన్సు కాడ ఆగి, మా ఆయన స్టేజీ దిగిందాకా కదల్లేదు.

“ఏమప్పా, బండి లేదంటివి. ఇదేంది?”

సర్పంచు నవ్వి, “మిలిటరీ వాళ్లకు ఆంబులెన్సు లేకుండా ఉంటాదా అవ్వా!” అన్నాడు. నాకు వొళ్లు మండి, అది ఆ పొద్దు లేదమ్మా, ఈళ్లు సంతలో కొనుక్కొచ్చి పెట్టినారు అని అరిచినా. ఆమె నా తిక్కు చూడనే లేదు. ఆయన మొగమే చూస్తాండె. ఆయన కలెక్టరాఫీసు వాళ్ల ముందర సర్పంచు పరువు తియ్యలేక, శాలువా అంచు వేలికి చుట్టుకుంటా ఉండిపోయినాడు.

“ఇన్నేండ్లూ నాకు సుళ్లు చెప్తివా?” అనింది. సుళ్లంటే వాళ్ల పక్క అబద్ధం. అంతే, వెనక్కి తిరిగి బస్టాండు దోవ పట్టింది. ఆ ఏడు చింతపండు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

మా ఆయన మడకశిరకు పోయి చెప్పొస్తానని ఇస్త్రీ చొక్కా ఏసుకోని ఎన్నిమార్లు బయల్దేరినాడో. బస్సొచ్చిందాకా నిలబడి, అది పోయినాక ఇంటికి వస్తాండె. బాంబుల కింద లారీ తోలిన మనిషి బస్సెక్కలేకపోయినాడు, తూ! ఆ సర్పంచు మీద కన్నా ఈయన మీదనే నాకు ఎక్కువ అసహ్యం పుట్టింది, ఈ పొద్దుకూ పోలేదు. ఆయన పోయినాక నేనే మడకశిరకు పోయినా. ఇంటికి తాళం. ఆమె కూతురి కాడికి, కర్ణాటకలో యాడికో పోయిందని ఎదురింటోళ్లు చెప్పినారు. ఊరి పేరు వాళ్లకూ తెలీదు.

ఇప్పుడు మా ఊర్లో ఇంటింటికీ కొళాయి ఉండాది, ట్యాంకరు కోసం కొట్లాట లేదు. పిల్లోళ్లు ఫోన్లో కావాల్సినన్ని యుద్ధాలు చూస్తాండారు, ట్యాంకులు పడి దొర్లతాంటే నవ్వుతాండారు. ఏ బండి నిజంగా ఉండె, ఏది ఎవడు తెచ్చి పెట్టినాడు అని అడిగేవాళ్లు కనపడరు. ఆ ముసలామె అంతమంది పెద్దోళ్ల మధ్యన నిలబడి అడిగింది. అట్లా అడిగే మనుషులు ఉండిన కాలం అది, జవాబు చెప్పాల్సినోడే చెప్పకపాయ. కర్ణాటకలో ఆమె మనవరాండ్రో మునిమనవరాండ్రో ఉంటారు, తెలుగు వచ్చినోళ్లు ఒకరన్నా ఉంటారు. వాళ్ల చేతికి ఇది చేరితే చాలు నాకు.

పాపా, ఆ పొద్దు మైదానంలో ఆంబులెన్సు లేదు అని రాసినావు కదా? యాడ రాసినావో ఆ ముక్క ఒకసారి పైకి చదువు, వింటా.