జున్ను పిల్లి మీద నా కుళ్ళు

సిద్దిపేటలో మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడల్లా గుమ్మంలోనే ఒక ఘాటు వాసన తగులుతుంది. పిల్లి పేలు చావడానికి దుకాణంలో అమ్మే మందు అది. చిన్న గొట్టంలో వస్తుంది, నెలకోసారి పిల్లి మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి నాలుగు చుక్కలు వేస్తే చాలట. మొన్న నేను వెళ్ళేసరికి అక్క వరండాలో కాళ్ళు చాపుకుని, ఒళ్ళో పిల్లిని పడుకోబెట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఆ పనిలోనే ఉంది. "వచ్చినవా? కూసో" అన్నది గానీ తలెత్తలేదు. ప్రజ్ఞాపూర్ నుంచి బస్సులో నిలబడి వచ్చిన చెల్లెలికి మంచినీళ్ళు కూడా పిల్లి మందు అయ్యాకే! యాభై దాటినదాన్ని, మనవరాలున్నదాన్ని, అయినా కడుపులో భగ్గుమంది. ఈ మంట నాకు కొత్త కాదు, ఎనిమిదేళ్ళప్పుడు అంటుకున్నది.

అప్పుడు మేముండేది సిద్దిపేటలోనే, మగ్గాల గల్లీలో ఒక పెంకుటింట్లో. ముందు గదంతా గుంత మగ్గమే. నేలలో నడుం లోతు గుంత తవ్వి ఉండేది, బాపు దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ చీర అంచు పొడవునా కుండ ఎత్తుకున్న గొల్లభామ బొమ్మలుండే గొల్లభామ చీరలు నేసేవాడు. పక్కన అమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. పొద్దున కళ్ళు తెరవకముందే మగ్గం టకటకలు, గంజి పెట్టిన నూలు పులిసిన వాసన, వానాకాలమైతే నిప్పుల మీద చిటపటలాడే మక్కబుట్టలు, గంజు అడుగున అంచులు ఎర్రగా కాలిన సర్వపిండి, ఎంత ఆరేసినా ఆరని బొంతల ముక్కవాసన, ఇవన్నీ కలిసి మా ఇల్లు.

కానీ నాకు ఇల్లంటే మధ్యాహ్నాలు. అన్నాలు తిన్నాక అక్క గడప మీద కూర్చునేది, నేను ఒక మెట్టు కింద, ఆమె మోకాళ్ళ మధ్య. నాకంటే ఆరేళ్ళు పెద్దది మా అక్క. నా జడ విప్పి, పాయలు పాయలుగా తీసి పేలు చూసేది. పేల దువ్వెన తలకు గీరుకుంటూ దిగుతుంటే కళ్ళు మూతలు పడేవి. ఒకటి దొరికితే గోళ్ళ మధ్య చిటుక్కుమనిపించి "అబ్బ, ముదురుదే!" అనేది. బడి ముచ్చట్లు, గల్లీ ముచ్చట్లు, ఏ బతుకమ్మకు ఏ పువ్వు ముందు పేర్చాలన్న ముచ్చట్లు అన్నీ అక్కడే. నా తలలో పేలు అయిపోతే ఈ మధ్యాహ్నాలు అయిపోతాయేమోనని నాకెంత దిగులో! బడిలో పేలున్న పిల్ల పక్కన కావాలని కూర్చుని తలకు తల ఆనించేదాన్ని. ఇన్నేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

అలాంటి ఇంట్లోకి, ఎలుకలు నూలు కొరుకుతున్నాయని బాపు ఒక పిల్లి పిల్లను తెచ్చాడు. లేత పసుపు రంగుది. అక్క దాన్ని చూస్తూనే "జున్ను" అన్నది, అదే పేరైంది. నెల తిరగకుండానే గడప మీద నా జాగా పోయింది. "ఉండే, జున్నుకు జూసినంక నీకు జూస్త" అనేది అక్క, దాని పొట్ట వేళ్ళతో దువ్వుతూ. ఆ పిల్లి కళ్ళు సగం మూసి నా వైపే చూసేది. నా దువ్వెనతోనే దాన్ని దువ్విందొకసారి. ఆ రోజు నేను అన్నం మానేశాను, ఎవరూ గమనించలేదు.

వానలు ముదిరేసరికి ఇల్లంతా పిల్లి పేలు పట్టాయి. తల పేల లాంటివి కావు, నల్లగా, నువ్వుగింజలో సగం ఉండి, పట్టబోతే ఎగిరిపోయేవి. అందరికంటే బాపుకే నరకం. గుంతలో ఉన్న కాళ్ళు మోకాళ్ళ దాకా ఎర్రటి దద్దుర్లు. ఒక కాలితో ఇంకో కాలు గోక్కోబోయి చెక్క తప్పు తొక్కేవాడు, అంచులో గొల్లభామ నెత్తి మీది కుండ వంకరపోయేది. నేసింది విప్పుకోవాల్సి వచ్చిన నాడు బాపు కోపంగా చెప్పేశాడు.

"ఈ పడుగు దిగేలోపు పేన్లు పోతె సరి. లేకుంటె దాన్ని చిన్నకోడూరుల మా అక్క ఇంట్ల ఇడిసొస్త."

పడుగంటే మగ్గానికి ఎక్కించిన నూలు, అది నేసి దించడానికి ఇంకా మూడు వారాలుంది. అక్క ఆ మూడు వారాలు యుద్ధమే చేసింది. వేపాకు నూరి పిల్లికి పట్టించింది, వేప పొగ పెట్టింది, నేలంతా పేడతో అలికింది, మంచం కోళ్ళ కింద సున్నం చల్లింది. పొద్దుగూకేవేళ పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో దీపం పెడితే వెలుగుకు ఎగిరి నీళ్ళలో పడేవి, పొద్దున వాటిని చూసి సంబరపడేది. పేలు మాత్రం తగ్గలేదు. ఎందుకంటే ఇల్లంతా ఊడ్చినా మగ్గం గుంత ఊడ్వలేదు. పడుగు మగ్గం మీద ఉండగా గుంతలో చీపురు పెట్టకూడదని నాయనమ్మ నాటి కట్టుబాటు. దుమ్ము లేచి నూలుకు పడుతుందని మొదలై ఉంటుంది, మా నాటికి లక్ష్మిని ఊడ్చినట్టవుతుందన్న భయంగా మారింది.

ఆ గుంత సంగతి నాకు తెలుసు. బాపు తిని నడుం వాల్చే వేళకు జున్ను మెల్లగా అందులోకి దిగి, చెక్కల వెనక మూలన, పేరుకున్న నూలు దుమ్ములో ముడుచుకునేది. అక్క పెరట్లో వేపాకు నూరుతుండేది, నా తల చూసేవాళ్ళు లేరు గనక నేను దాన్నే చూస్తుండేదాన్ని. ఒకనాడు ఆ దుమ్ములో చెయ్యి పెట్టి తీస్తే మణికట్టు నిండా పేలు ఎగిరాయి. చెయ్యి దులుపుకుని బయటికి పోయాను.

అమ్మ అడిగింది కూడా. "పద్దీ, గా పిల్లి ఏడ పంటుందో జూసినవా?"

"బొంతల కాడ" అన్నాను.

అక్క బొంతలన్నీ సోడా వేసి ఉడకబెట్టింది. ఆ సోడా నీళ్ళకు ఆమె వేళ్ళ తోలు లేచింది.

పడుగు దిగింది. బాపు అన్న మాట మీద నిలబడే మనిషి, జున్నును బుట్టలో పెట్టి మీద గుడ్డ కట్టాడు. అక్క బుట్ట దాకా వచ్చి "బాపు, పాలల్ల బువ్వ మెత్తగ పిసికి పెట్టమను అత్తను" అని మాత్రం అన్నది. ఆ మధ్యాహ్నమే నేను జడ విప్పుకుని మెట్టు మీద కూర్చున్నాను. అక్క వచ్చి తల చూసింది. నేనే గెలిచాననుకున్నాను.

నాలుగు రోజులకు కొత్త పడుగు ఎక్కించబోతూ బాపు గుంతలోకి చీపురుతో దిగాడు. పిల్లి లేక ఆకలి మీదున్న పేలు ఒక్కసారిగా ఆయన కాళ్ళకు ఎక్కాయి. "అరె, అది ఈడ పన్నదే! పేన్ల పుట్ట ఈడనే ఉన్నది!" అని అరిచాడు. గుంత ఊడ్చి, వేడినీళ్ళు కొట్టి, సున్నం పోశారు. పది రోజుల్లో ఇంట్లో ఒక్క పేను లేదు. బాపు మాత్రం అప్పటిదాకా ఆగలేదు, ఆ మర్నాడే బుట్ట పట్టుకుని చిన్నకోడూరు పోయాడు. ఖాళీ బుట్టతోనే తిరిగొచ్చాడు. జున్ను మూడో రోజే అత్త ఇంట్లోంచి ఎటో వెళ్ళిపోయిందట.

"తప్పు నాదే బాపు. ఇంకింత దేవులాడితె దొరుకుండె" అని అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ నా మొహం చూడలేదు. ఆ తర్వాత కూడా అక్క నా తల చూసేది గానీ గోడ అవతల ఏ పిల్లి అరిచినా చేతులు ఆగిపోయేవి.

ఇప్పుడు అమ్మాబాపులు లేరు. ఆ పెంకుటింటి జాగాలో మూడంతస్తుల మేడ ఉంది, గుంత ఎక్కడుండేదో కూడా చూపించలేను. గల్లీలో మగ్గం చప్పుడు వినబడి ఎన్నేళ్ళైందో. మొన్న అక్క ఖాళీ గొట్టం పారేసి, ఒళ్ళోని పిల్లి వీపు నిమురుతూ "గీ మందు అప్పుడుంటె మా జున్ను ఉండేది. నా నిర్లక్ష్యంతోనే పాయె పద్దీ" అన్నది. కళ్ళలో నీళ్ళు. నాలుక చివరి దాకా వచ్చింది నా మాట. చెప్తే అక్క నన్ను ఏమీ అనదు, అది నాకు తెలుసు.

"ఊకో అక్కా, గిన్నేండ్లకు గూడ పిల్లి ముచ్చటేనా? ఛాయ్ పోస్తవా, పొమ్మంటవా?" అన్నాను.

అక్క కళ్ళు తుడుచుకుని, నవ్వుకుంటూ లేచి లోపలికి పోయింది. చేయని తప్పును ఇన్నేళ్ళుగా మోస్తున్నది, నా ఒక్క మాటతో ఆ బరువు దిగిపోతుంది. కానీ ఆ మాట చెప్తే, నా కుళ్ళుకు బలైపోయిందని ఆ జున్ను మీద ఆమెకు ఇంకింత ప్రేమ పుడుతుంది, అది నేను ఓర్వలేను.